సియాటిల్ చుట్టూ ఫ్లై ఫిషింగ్: మొదటి ఏడాది ఏ నీళ్ళలో దిగాలి?

నాన్న రాజోలు నుంచి వచ్చిన ఏడాది, ఆగస్టులో ఒక శనివారం పొద్దున్నే ఆయన్ని స్నోక్వాల్మీ నది సౌత్ ఫోర్క్‌కి తీసుకెళ్ళాను. నార్త్ బెండ్ దాటాక, ఐ-90 మీద లారీల మోత వినబడేంత దగ్గర్లో, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ముప్పావు గంట తంటాలు పడితే జానెడు కట్‌త్రోట్ అనే ట్రౌట్ చేప ఒకటి పడింది. చెయ్యి తడుపుకుని, నీళ్ళలోనే కొక్కెం ఊడదీసి వదిలేశాను. బండరాయి మీద కూర్చుని చూస్తున్న నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "ఒరే, వదిలెయ్యడానికేనా ఇంత సామాను?" అన్నారు.

రెడ్మండ్, బాథెల్, సమామిష్ వైపు ఉండే మనవాళ్ళు ఏ రాడ్డు కొనాలి, ఏ నదికి వెళ్ళాలి అని అడిగినప్పుడల్లా నేను ముందు నాన్న ప్రశ్నే వాళ్ళకి వేస్తాను. పట్టిన చేపని వదిలెయ్యడానికి మనసు ఒప్పుతుందా? ఒప్పకపోతే తప్పేం లేదు. ఏప్రిల్ చివర్లో ఇక్కడి పల్లపు సరస్సులు తెరుస్తారు. హేచరీల్లో పెంచిన ట్రౌట్‌ని జనం పట్టుకుని తినడానికే వాటిలో వదులుతారు. లైసెన్సు తీసుకుని, ఎర పెట్టి, లెక్కలో పట్టుకుని, శుభ్రంగా వేపుడు చేసుకోండి. నదుల్లో తనంతట తాను పుట్టి పెరిగే చేప దగ్గరే కథ మారుతుంది. అక్కడ చాలాచోట్ల వదిలెయ్యడం మర్యాద కాదు, చట్టం. ఒప్పుతుంది అనుకున్నవాళ్ళు మిగతాది చదవండి.

ఫ్లై అంటే ఏమిటో ఒక ముక్క. మనూళ్ళో గేలం విసిరితే చివరనున్న సీసం బరువు దారాన్ని లాక్కెళుతుంది. ఇక్కడ తలకిందులు. ఈకలు, దారం చుట్టి పురుగులా చేసిన కొక్కేనికి బరువే ఉండదు, బరువంతా దారంలో ఉంటుంది. ఆ బరువైన దారాన్ని వెనక్కీ ముందుకీ ఊపి, అది గాలిలో చాపలా విప్పుకునేలా చెయ్యాలి. బలంతో పని లేదు. బలం పెట్టినవాడి దారం వాడి చెవికే చుట్టుకుంటుంది, నా చెవే సాక్ష్యం.

సియాటిల్ నుంచి ఒక పూటలో వెళ్ళిరాగల నీళ్ళలో కొత్తవాళ్ళకి వినిపించే పేర్లు నాలుగు: స్నోక్వాల్మీ పాయలు, యాకిమా నది, పుగెట్ సౌండ్ ఉప్పునీటి తీరం, స్కాజిట్ నది. అందరూ పెద్ద చేప ఎక్కడుందో చూసి ఎంచుకుంటారు. నా లెక్క వేరు. మొదటి ఏడాది మీరు చేసే తప్పుల్ని ఏ నీరు ఓర్చుకోగలదో అక్కడికి వెళ్ళండి.

ఆ లెక్కన ముందు వరసలో స్నోక్వాల్మీయే. మిడిల్, సౌత్, నార్త్ అని మూడు పాయలు, మూడూ నార్త్ బెండ్ చుట్టుపక్కలే. బెల్‌వ్యూ నుంచి అరగంట, ముప్పావు గంట. 268 అడుగుల స్నోక్వాల్మీ జలపాతం చూడని తెలుగు కుటుంబం ఈ ఊళ్ళో ఉండదు. చుట్టాలొస్తే మొదట తీసుకెళ్ళేది అక్కడికే. ఆ జలపాతాన్ని ఏ సాల్మనూ ఎక్కలేదు. అందుకని దానికి ఎగువనున్న పాయల్లో సముద్రం నుంచి వచ్చే చేప ఉండదు, అక్కడే పుట్టి అక్కడే పెరిగే చిన్న కట్‌త్రోట్లు, రెయిన్‌బో ట్రౌట్లే ఎక్కువగా ఉంటాయి. ఆరు నుంచి పది అంగుళాలు. పన్నెండు అంగుళాలది పడితే ఫోటో తీసుకోవచ్చు. పెద్ద చేప లేకపోవడమే కొత్తవాడికి అదృష్టం. ఈ చిన్నవి ఆకలి మీద ఉంటాయి, పెద్దగా పేచీ పెట్టవు. 14 నంబరు ఎల్క్ హెయిర్ క్యాడిస్ అనే నీటి మీద తేలే ఫ్లై ఒక్కటి పట్టుకెళ్ళినా సరిపోతుంది. రాయి వెనక నీరు నెమ్మదించే చోట దాన్ని పడనిచ్చి, దారం లాగకుండా ప్రవాహంతో పోనివ్వండి. ఫ్లై తేలుతూ పోతుంటే కింద నుంచి ఒక బంగారు మెరుపు లేస్తుంది. మొదటి పదిసార్లు అది మీకంటే ముందే ఉమ్మేసి వెళ్ళిపోతుంది. పదకొండోసారి మీ చెయ్యి నేర్చుకుంటుంది.

ఈ మూడింటిలో ఏది అంటే నా ఓటు మిడిల్ ఫోర్క్‌కి. అమెరికా కాంగ్రెస్ 2014లో దాన్ని, దానిలో కలిసే ప్రాట్ నదిని 'వైల్డ్ అండ్ సీనిక్' జాబితాలో చేర్చింది. అంటే అక్కడ కొత్త ఆనకట్ట పడదు. ఆ దారిలో రోడ్డుకి దూరంగా ఒక మైలు నడిస్తే చాలు, రోజంతా మనిషి ఎదురుపడడు. సౌత్ ఫోర్క్ సాయంత్రం ఆఫీసయ్యాక గంటసేపు వెళ్ళడానికి బాగుంటుంది. మే, జూన్‌లలో మంచు కరిగి నీరు ఉరకలేస్తుంది, అప్పుడు వద్దు. జులై మధ్య నుంచి అక్టోబరు దాకా మంచిది. ఏ పాయకి ఏ రూలో ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వాళ్ళ యాప్‌లో బయల్దేరే ముందు రోజు చూసుకోండి, మధ్యలో మారుతుంటాయి.

యాకిమా దగ్గరికి వస్తే, నేను మొదటి ఏడాది ఎంచుకున్నది ఇదే, తప్పు చేశాను. స్నోక్వాల్మీ పాస్ అనే కనుమ దాటి ఎలెన్స్‌బర్గ్ దాకా రెండు గంటల లోపు. అక్కడి నుంచి కెన్యన్ రోడ్డు పట్టుకుంటే ఒక పక్క బోడికొండలు, ఒక పక్క నది. రాష్ట్రంలోకెల్లా పేరున్న ట్రౌట్ నీరు. పట్టిన ట్రౌట్ ప్రతిదాన్నీ వదలాల్సిందే, ఎర వాడకూడదు, కొక్కేనికి వెనక ముల్లు ఉండకూడదు. పదహారు అంగుళాల రెయిన్‌బో ఇక్కడ వింత కాదు. అన్నీ విని జులైలో వెళ్ళాను. ఎండ దంచేస్తోంది, నీళ్ళు చూస్తే పచ్చగా, నిండుగా, అందంగా ఉన్నాయి. తొడ దాకా దిగాను. కాళ్ళ కింద గులకరాళ్ళు కదిలాయి, ఆ తర్వాత నేను కదిలాను. ఒక యాభై అడుగులు కొట్టుకుపోయి విల్లో కొమ్మ దొరకబట్టుకుని బయటపడ్డాను. ఫ్లై డబ్బా, కళ్ళజోడు నదికే సమర్పయామి.

గోదావరి డెల్టాలో పుట్టినవాణ్ణి, నాకు ముందే తట్టాల్సింది. ఇది ఆయకట్టు నది. పైన కీచెలస్, కచెస్, క్లె ఎలమ్ జలాశయాలు, కింద ఆపిల్, చెర్రీ, హాప్స్ తోటలు. మన కాలువలకి ఎండాకాలం నీళ్ళు కట్టేస్తారు కదా, ఇక్కడ ఎండాకాలమే వదులుతారు. అందుకే ఇక్కడి మిగతా నదులు సన్నబడే జులై, ఆగస్టుల్లో ఈ కెన్యన్‌లో మూడు వేల క్యూసెక్కులకి పైనే పారుతుంది. ఆ వరదలో పడవ ఉన్నవాడిదే ఆట, నడిచేవాడికి గట్టు కూడా మిగలదు. సెప్టెంబరు మొదట్లో మాత్రం గేట్లు తిప్పుతారు. ఇటు నీళ్ళు తగ్గించి, అవసరమైనవి నాచెస్ వైపు జలాశయాల నుంచి ఇస్తారు. దీన్ని ఇక్కడివాళ్ళు 'ఫ్లిప్-ఫ్లాప్' అంటారు. 1980లో వచ్చిన కోర్టు తీర్పు తర్వాత మొదలైన ఏర్పాటిది. చినూక్ సాల్మన్ సెప్టెంబరులో గుడ్లు పెడుతుంది. నీరు నిండుగా ఉన్నప్పుడు గట్టు పక్కన పెట్టేస్తే, శీతాకాలం నీళ్ళు తగ్గేసరికి ఆ గుడ్లు ఎండిపోతాయి. అందుకని ముందే నీరు దించి, చేప నది నడిమధ్యకి పోయి గుడ్లు పెట్టేలా చేస్తారు. రైతుకి నీళ్ళు ఆగవు, చేపకి గూడు పోదు. అది మనకీ కలిసొచ్చింది. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు ఆఖరు దాకా యాకిమాలో నడిచి పట్టుకోవచ్చు. మార్చిలో స్క్వాలా అనే రాతిపురుగు లేచే రోజులు కూడా బాగుంటాయి. కాబట్టి యాకిమా వద్దని కాదు, జులైలో వద్దు. వెళ్ళాలనే ఉంటే ఒక రోజు గైడు పడవకి డబ్బు పెట్టండి. ఖరీదే, కానీ ఆ ఒక్క రోజులో దారం పోనిచ్చే పద్ధతి తెలుస్తుంది. శరదృతువులో వెళ్ళినప్పుడు అడుగున శుభ్రంగా, తెల్లగా కడిగినట్టున్న గులకరాళ్ళ గుంట కనిపిస్తే దాని మీద అడుగు పెట్టకండి. అది సాల్మన్ గూడు.

తీరం సంగతి కొద్దిగానే చెబుతాను, ఎందుకంటే కష్టం కొద్దిగానే ఉంది. కార్కీక్ పార్కు, లింకన్ పార్కు లాంటి చోట్ల ఉప్పునీటి ఒడ్డున ఏడాది పొడుగునా సముద్రపు కట్‌త్రోట్ తిరుగుతుంది. పట్టినది పట్టినట్టే వదలాలి. అందరూ చేసే తప్పు నడుం లోతు దాకా దిగి దూరంగా విసరడం. చేప ఉండేది ఒడ్డు వెంబడి మోకాలి లోతులో. మీరు దాన్ని తొక్కుకుంటూ వెళ్ళి అవతలికి విసురుతున్నారన్నమాట. మార్చి, ఏప్రిల్‌లలో చమ్ సాల్మన్ పిల్లలు ఏరుల్లోంచి సముద్రంలోకి దిగుతాయి, అప్పుడు వాటిలా కట్టిన చిన్న తెల్ల ఫ్లై వాడండి. దారం అలల్లో చిక్కుపడకుండా నడుముకి ప్లాస్టిక్ టబ్బు కట్టుకుంటారు. చూసేవాళ్ళకి ఇడ్లీలమ్ముకునేవాడిలా కనిపిస్తాం, ఫరవాలేదు. బేసి సంవత్సరాల్లో ఆగస్టుకి పింక్ సాల్మన్ విరగబడి వస్తుంది, అప్పుడు సీజను తెరిచి ఉంటే వండుకోవడానికి కూడా దొరుకుతుంది. ఉప్పు తగిలిన రీలుని ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడగాలి. ఒక్కసారి బద్ధకించాను, మరుసటి వారానికి తిరగలేదు. వెస్ట్ సియాటిల్‌లోనో బల్లార్డ్‌లోనో ఇల్లున్నవాళ్ళకి స్నోక్వాల్మీ కంటే ఇదే మేలు. దగ్గరున్న నీరే నేర్పుతుంది, దూరపు నీరు పెట్రోలు తాగుతుంది.

ఇక స్కాజిట్. ఏప్రిల్‌లో ట్యులిప్ తోటల్లో ఫోటోలకి వెళ్ళినప్పుడు మౌంట్ వెర్నన్ దగ్గర మీరు దాటిన పెద్ద నది అదే. ఐదు జాతుల పసిఫిక్ సాల్మన్, వాటితోపాటు ఈ రాష్ట్రపు చేప స్టీల్‌హెడ్ వచ్చే నది. స్టీల్‌హెడ్ అంటే సముద్రానికి వెళ్ళి పెరిగి, పుట్టిన ఏటికి తిరిగొచ్చే రెయిన్‌బో ట్రౌటే. మనకి ఇది కొత్త కాదు. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ ఇలస, గోదావరికి ఎదురీదాక పులస. పుస్తెలమ్మి అయినా తినాలనేది దాన్నే. ఇక్కడివాళ్ళకి స్టీల్‌హెడ్ మీదున్న పిచ్చి సరిగ్గా ఆ పులస పిచ్చే, తినకపోవడం ఒక్కటే తేడా. పుగెట్ సౌండ్ స్టీల్‌హెడ్‌ని 2007లో ముప్పులో ఉన్న చేపగా ప్రకటించారు. స్కాజిట్‌లోనూ, అందులో కలిసే సాక్‌లోనూ వసంతకాలపు పట్టివదలడాన్ని ఏళ్ళ తరబడి మూసేసి, 2018లో మళ్ళీ తెరిచారు. అప్పటి నుంచీ వచ్చే చేపల అంచనాని బట్టే ఏ ఏటికాయేడు నిర్ణయం.

మిత్రులు ఒప్పుకోరు గానీ, మొదటి ఏడాది అక్కడికి వెళ్ళకండి. పదమూడు అడుగుల రెండు చేతుల రాడ్డు, ఆ నది పేరే పెట్టుకున్న బరువైన దారం, పిక్కలు పీకే చల్లని వడి నీరు. రోజంతా విసిరినా చేప తగలకపోవడమే అక్కడ మామూలు. ఒకవేళ తగిలిందా, అది గుడ్లు మోస్తూ సముద్రం నుంచి ఎదురీది వచ్చిన చేప. దాన్ని ఎంతసేపు ఆడించాలో, ఎలా పట్టుకోవాలో తెలియని చేతుల్లో పడకూడదు. వదలాల్సిన స్టీల్‌హెడ్‌ని నీళ్ళలోంచి పూర్తిగా పైకెత్తడం నేరం కూడా. ఫోటో కావాలంటే మోకాళ్ళ మీద కూర్చుని, చేప ఒళ్ళు నీళ్ళలో ఉండగానే తీసుకోవాలి. రెండు వందల చిన్న కట్‌త్రోట్లని వదిలాక ఆ నేర్పు దానంతటదే వస్తుంది, అప్పుడు వెళ్ళండి.

నాన్నకి ఇదంతా చెబుతుంటే ఎల్వా నది మాట వచ్చింది. ఒలింపిక్ ద్వీపకల్పంలో 1913లో ఒక ఆనకట్ట, 1927లో ఇంకొకటి కట్టారు, చేప ఎక్కే మెట్లు లేకుండానే. 2011 నుంచి 2014 దాకా రెండింటినీ విప్పేశారు. "ఆనకట్ట కూల్చేశారా! ప్రభుత్వమే?" అని రెండుసార్లు అడిగారు. కాటన్ దొర బొమ్మకి దండలేసే సీమ మనిషి ఆయన. ధవళేశ్వరం లేకపోతే మా ఇంట్లో అన్నమే లేదు. ఆ ధవళేశ్వరం దగ్గరే పులస ఆగిపోతుందనీ ఆయనకి తెలుసు. చాలాసేపు ఆలోచించి, "అక్కడ పొలాలు లేవేమో" అన్నారు. నిజమే, ఆ రెండూ కరెంటు కోసం కట్టినవి. ఆ నది మీద మొదట్నించీ బతికిన లోయర్ ఎల్వా క్లాలమ్ తెగవాళ్ళు 2023 అక్టోబరులో, ఆనకట్టలు పోయాక మొదటిసారిగా అక్కడ కోహో సాల్మన్ పట్టుకున్నారు. తమ వినోదానికి కాదు, తిండికీ సంప్రదాయానికీ. నదుల దగ్గర తెగల వలలు చూసి చాటుగా గొణిగేవాళ్ళు మనలోనూ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను: 1974లో జడ్జి బోల్ట్ ఇచ్చిన తీర్పు ప్రకారం పట్టదగిన చేపలో సగం వాళ్ళది, అదీ పాత ఒప్పందాల్లో రాసుకున్న హక్కు. మనం నిన్న వచ్చాం.

సామాను గురించి నాలుగు మాటలు. రాడ్డు మీది 'వెయిట్' అంకె అది మోసే దారం బరువుని చెబుతుంది. నదులకే అయితే తొమ్మిది అడుగుల 5-వెయిట్ రాడ్డు. తీరం కూడా అనుకుంటే 6-వెయిట్ ఒక్కటే కొని రెండింటికీ వాడండి. చిన్న చేప దగ్గర కాస్త మొద్దుగా ఉంటుంది గానీ, రెండు రాడ్ల డబ్బు దండగ ఉండదు. బూట్లకి అడుగున ఫెల్ట్ కావాలా, రబ్బరు కావాలా అని అడుగుతారు. నాచు పట్టిన రాయి మీద ఫెల్టే గట్టిగా పట్టుకుంటుంది. కానీ అది తడిని, మట్టిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. ఆ మట్టిలో ఆవగింజంత న్యూజిలాండ్ నత్తలు ఒక నది నుంచి ఇంకో నదికి ప్రయాణం చేస్తాయి. ఒక నదిలో దిగిన నత్తని ఇక తియ్యలేరు. నేను మేకులు కొట్టిన రబ్బరు వాడతాను, ఇంటికొచ్చాక బ్రష్‌తో తోమి ఎండబెడతాను. ముడులున్న నైలాన్ వల వద్దు, ముడులు లేని రబ్బరు వల కొనండి. కొక్కెం ముల్లుని చిన్న శ్రావణంతో నొక్కేయండి. చేప జారిపోతుందని భయపడతారు గానీ, దారం బిగువుగా ఉంటే జారదు. మీ వేలికి గుచ్చుకున్నప్పుడు నన్ను తలుచుకుంటారు.

లైసెన్సు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా, అందుకే ఫిబ్రవరిలో ఏడాది లైసెన్సు కొనకండి. పదిహేనేళ్ళ లోపు పిల్లలకి అక్కర్లేదు. మీ అమ్మానాన్నలు వచ్చి ఒకసారి విసిరి చూస్తామంటే ఒకటి, రెండు, మూడు రోజుల లైసెన్సులున్నాయి.

అన్నిటికంటే చవకైనదీ, నా సంచిలో అన్నిటికంటే విలువైనదీ థర్మామీటరు. దారం కట్టి, నీడలో, పారే నీళ్ళలో రెండు నిమిషాలు వదలండి. ట్రౌట్ చన్నీటి జీవి. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, పోరాడి అలిసిన చేపకి ఊపిరి తిరగదు. మీరు వదిలినప్పుడు చక్కగా ఈదుకుంటూ పోతుంది, మలుపు అవతల వెల్లకిలా తేలుతుంది. 68 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర మానెయ్యమని అందరూ చెబుతారు. నేను 65కే రాడ్డు విప్పేస్తాను. మంచు తక్కువ పడిన ఏడాది ఆగస్టులో మధ్యాహ్నానికే ఆ అంకె రావచ్చు. కాబట్టి ఐదింటికి లేచి వెళ్ళి పదకొండుకల్లా తిరిగి రండి. ఇడ్లీ డబ్బా తీసుకెళ్ళండి.

గేలం పట్టకుండానే ఏదైనా చెయ్యాలనుకునే ఇళ్ళకి కూడా దారులున్నాయి. అవన్నీ ఒకటి కాదు. అక్టోబరులో ఇసక్వా హేచరీ దగ్గర వంతెన మీంచి సాల్మన్ చూపించి పిల్లల చేత చప్పట్లు కొట్టించడం మంచిదే. అక్కడ వలంటీర్లుగా ఉండి వచ్చినవాళ్ళకి వివరించవచ్చు, మన అమ్మమ్మలకి తెలుగులో కూడా. అయితే హేచరీ చేప వేరు, నదిలో పుట్టింది వేరు. వీపు మీద తోక దగ్గర బుడిపె లాంటి చిన్న రెక్క కత్తిరించి ఉంటే అది హేచరీది. హేచరీ ఎక్కువైతే అడవి జాతి పలచబడుతుందని నేను నమ్మే పక్షం. ఒప్పుకోనివాళ్ళతో వాదించి కాఫీలు చల్లార్చుకున్నాను. నా సమయం మాత్రం చెట్లు నాటడానికే. ఏటి గట్టున నీడ లేకపోతే పైన చెప్పిన థర్మామీటరు అంకె పెరుగుతుంది. మౌంటెన్స్ టు సౌండ్ గ్రీన్‌వే ట్రస్టు వాళ్ళు శరదృతువులో నాటిస్తారు, బ్లాక్‌బెర్రీ ముళ్ళపొదలు పీకిస్తారు. డబ్బు ఇవ్వాలనుకునేవాళ్ళకి 1959లో మిషిగన్‌లో పుట్టిన ట్రౌట్ అన్‌లిమిటెడ్‌కి ఇక్కడా శాఖలున్నాయి.

ఊరి ఏరుల్లో కోహో గుడ్లు పెట్టకముందే గిలగిల్లాడి చచ్చిపోవడానికి కారణం కారు టైర్ల నుంచి రాలే ఒక రసాయనమని 2020 డిసెంబరులో ఇక్కడి శాస్త్రవేత్తలే తేల్చారు. దాని పేరు 6పీపీడీ-క్వినోన్. వాన పడగానే రోడ్డు మీది టైరు పొడి కాలువలో కలిసి ఏటికి చేరుతుంది. మట్టిలోంచి ఇంకి వెళ్ళిన నీరు చేపని చంపదు. అందుకే ఇంటి ముందు వాననీరు ఇంకే గుంట తవ్వి మొక్కలు పెట్టుకోవడం స్కాజిట్ దాకా వెళ్ళడం కంటే తేలిక. కొన్ని నగరాలు దానికి డబ్బు సాయం కూడా చేస్తాయి, మీ ఊరి నీటి శాఖని అడగండి. చెట్లు నాటడానికి వచ్చేవాళ్ళు చేతి తొడుగులు సొంతవి తెచ్చుకోండి. అక్కడ ఇచ్చేవి ఎప్పుడూ తడిగానే ఉంటాయి.